పై వాటాలో చప్పుడు

మొదటి అంతస్తులో వంటగది. సాయంత్రం. అత్తగారు, కోడలు.

"వీధి వీధంతా గేట్లకి రంగులు పూసి, మన గేటు ఒక్కటే వదిలేశారేం మీ ఆఫీసువాళ్ళు?"

"వదల్లేదు అత్తయ్యా. రేపు నేనే వేస్తానని చెప్పాను."

"ఏ రంగు?"

"టీ చల్లారిపోతోంది, తాగండి."

"ఏ రంగని అడిగాను."

"ఆ బఠాణీలు ఇటివ్వండి, నేను ఒలుస్తాను."

"పచ్చ అయితే, ఇల్లు బాగుందని గుమ్మంలోకి వస్తూనే చెప్పేదానివి. పసుపు అయితే, జాగ్రత్తగా ఉండమన్నారని టీ తాగాక చెప్పేదానివి."

"టీ తాగండి అత్తయ్యా."

"ఎరుపా?"

"ఎరుపే అత్తయ్యా."

"ఎరుపంటే ఖాళీ చెయ్యమనేగా. ఆ మూలింటివాళ్ళు అప్పుడే సామాన్లు కట్టుకుంటున్నారు."

"ఖాళీ అయినా చెయ్యాలి, లేదా బాగైనా చేయించుకోవాలి. వాళ్ళది బాగయ్యే ఇల్లు కాదు. మనది అవుతుంది. అందుకే ఒక్కరోజు ఆగమని మా పెద్ద ఇంజనీరుగారిని బతిమాలుకున్నాను."

"పోయినేటి భూకంపానికి మెట్ల గోడ పగిలింది, అంతేగా. సిమెంటు పూయించాంగా దానికి."

"గోడ సంగతి కాదు. కింద దర్జీ షాపులో పిల్లర్లు చూశారా? పైన, స్లాబు దగ్గర, వెంట్రుకంత సన్నగా గీతలున్నాయి."

"ఈ వయసులో నాకు వెంట్రుకలు కనపడతాయా? మరి వీధి చివర అంత పెద్ద బోరు వేశారుగా, నీళ్ళు పడ్డాయా?"

"నీళ్ళ కోసం కాదు అత్తయ్యా, మట్టి కోసం."

"తెలుసులే. నవ్వుతావేమోనని అన్నాను. నువ్వు నవ్వి ఎన్నాళ్ళయిందో. సరే, ఏమంటోంది మట్టి?"

"పైన పోసిన మట్టి గట్టిగానే ఉంది. దాని కింద నల్లటి బురద. గొట్టంలోంచి బయటికి తీసి నొక్కితే వేలు దిగిపోయింది. పిండిముద్దలో దిగినట్టు. అందులో చిన్న చిన్న నత్తగుల్లలు. ఈ వీధంతా ఒకప్పుడు మడుగు."

"స్థలం కొన్నప్పుడే ఎవరో అన్నారు మీ మామగారితో. పూడ్చేశాక ఇంకా మడుగేంటయ్యా అని కొట్టిపారేశారు ఆయన."

"పూడ్చింది పైపైనే. కింద అది అలాగే ఉంది."

"మరి ఎదురింటికి పచ్చ పూశారేం? వాళ్ళ కింద మడుగు లేదా?"

"ఉంది. వాళ్ళది ఒక్క అంతస్తే కదా."

"రోడ్డు మీద అంతెత్తు అపార్టుమెంటు ఉంది, దానికి పసుపు. దానికంటే మనదే కానిదయిపోయిందా? ఇదెక్కడి న్యాయం."

"ఎత్తు ఎక్కువైతే ప్రమాదమని కాదు అత్తయ్యా. ఎలా చెప్పాలి మీకు. ఉయ్యాల ఊపుతారు కదా. ఎప్పుడు పడితే అప్పుడు తోస్తే అది ఊగదు. వెనక్కి వచ్చి ముందుకు వెళ్ళబోతుందే, సరిగ్గా ఆ సమయానికి తొయ్యాలి. అప్పుడు చిటికెన వేలితో తోసినా ఊగిపోతుంది."

"ఉయ్యాల ఊపడం నువ్వు నాకు చెప్పక్కర్లేదు."

"నేల తోస్తుంది, ఇల్లు ఊగుతుంది. పొట్టి ఇల్లు గబగబా ఊగుతుంది. బాగా పొడుగుది తాపీగా ఊగుతుంది. ఈ బురద ఉంది చూశారూ, ఇది అటూ ఇటూ కాకుండా ఒక లెక్కలో తోస్తుంది. ఆ లెక్కకి సరిగ్గా అందేది నాలుగంతస్తుల ఇల్లు. పొట్టివాటికీ పొడుగువాటికీ తోపు తప్పుతుంది. మన ఎత్తుదానికి తప్పదు. ప్రతి తోపుకీ ఇంకాస్త, ఇంకాస్త..."

"ప్రెస్సు నాలుగంతస్తులే."

"..."

"మాట్లాడవేం. నా కొడుకు పనిచేసిన ప్రెస్సు నాలుగంతస్తులే కదా."

"నాలుగే అత్తయ్యా."

"దాని కింద కూడా ఇదే బురదా?"

"ఇదే."

"దాన్ని ఆనుకుని బియ్యం గోడౌను ఉండేది. పాతది, పొట్టిది, గోడలన్నీ పెచ్చులూడిపోయి. అది నిలబడే ఉంది. ఈ ఏడాదంతా నాకు అదొక్కటే. ముక్కుతూ మూలుగుతూ ఉన్న గోడౌను నిలబడి, కొత్త ప్రెస్సు పడిపోవడం ఏంటి, అందులో వాడుండగానే పడిపోవడం ఏంటి అని. ఎవర్ని అడగాలో తెలీలేదు."

"నన్ను అడగాల్సింది."

"నిన్ను ఎలా అడుగుతాను. నీ మొహం చూసి అడగగలనా. ఇదన్నమాట. ఉయ్యాల."

"ఇదే అత్తయ్యా."

"మన ఇల్లు మూడంతస్తులుగా ఉన్నప్పుడు దీనికీ తోపు తప్పేదా?"

"చాలావరకు తప్పేది. బరువూ తగ్గేది."

"నాలుగోది వాడు కట్టిందే."

"ఆయన కట్టిందే."

"అయితే నువ్వు ఇందాకట్నుంచీ చుట్టూ తిరిగి చెప్పేది ఏంటి?"

"పై వాటా తీసేద్దాం అత్తయ్యా. సుత్తెలతో మెల్లగా కొట్టించాలి, మిషను పెట్టకూడదు. తర్వాత కింద పిల్లర్ల చుట్టూ చువ్వలు కట్టించి మళ్ళీ కాంక్రీటు పోయించాలి. అప్పుడు పసుపు ఇస్తారు. ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. మీరు ఇక్కడే ఉంటారు, మన పైన అద్దెకుంటున్న టీచరమ్మ వాళ్ళు వాళ్ళ వాటాలో ఉంటారు, దర్జీ షాపు ఉంటుంది."

"నువ్వు?"

"నేనూ..."

"నువ్వు ఎక్కడుంటావు? అది నీ వాటా. నీకోసం కట్టాడు. ఆదివారాలు మేస్త్రితో పాటు సిమెంటు బొచ్చెలు మోశాడు. కిటికీ తలకిందులుగా బిగించి, గొళ్ళెం నెత్తిమీదకి వస్తే, దొంగలకి అందకూడదని కావాలనే పెట్టానన్నాడు."

"నాకే అందదు ఆ గొళ్ళెం. కుర్చీ ఎక్కాలి."

"దాన్ని కూల్చమంటున్నావు."

"నేను అనట్లేదు అత్తయ్యా, ఆ మట్టి..."

"మట్టి మీద పెట్టకు. పాపం దానికి నోరు లేదు. వెళ్ళాలనుంటే వెళ్తానని చెప్పు. నేను కాదన్నానా? మీ అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడుతున్నావు, నేను వినట్లేదనుకుంటున్నావా?"

"ఏం విన్నారు?"

"ఏమీ వినపడలేదు. అందుకే అంటున్నా."

"అమ్మ వచ్చెయ్యమంటోంది. నేను రానన్నాను. ఆ మాట మీ ముందు అంటే మీరు బాధపడతారని బయటికి వెళ్ళాను."

"రానన్నావా?"

"అన్నాను."

"ఎన్నిసార్లు?"

"అడిగినన్నిసార్లు."

"ఊఁ. బఠాణీల్లో సగం పుచ్చులే ఇచ్చాడు ఈసారి. చూసి వెయ్యి."

"చూస్తున్నాను."

"పై వాటా మాత్రం కుదరదు. వేరే ఏదైనా చెప్పు. ఆ పిల్లర్లేవో కట్టించు, ఎన్ని కావాలంటే అన్ని కట్టించు. నాకు ఆ గది మీద మమకారమని కాదు. నేను అటు వెళ్ళిందే లేదు వాడు పోయాక. మోకాళ్ళు ఎక్కనిస్తాయా? కానీ కట్టిన ఇల్లు కూల్చడం మంచిది కాదు."

"పిల్లర్లు ఒక్కటే సరిపోతే నేను ఇంత దూరం రానత్తయ్యా. పెట్టె పెట్టి కూడా చూశాను."

"ఏ పెట్టె?"

"నేల వణుకు వినే పెట్టె. నేలా, ఇల్లూ ఎప్పుడూ సన్నగా వణుకుతూనే ఉంటాయి, మనకి తెలీదు. ఒకటి కింద షాపులో, ఒకటి పై వాటాలో పెట్టి, రెండూ ఒకే లెక్కలో ఉన్నాయో లేదో చూశాను. పోయిన వారం మూడు మధ్యాహ్నాలు పెట్టి వెళ్ళాను."

"పైన పెట్టావా? ఎక్కడ?"

"గదిలో. మంచం కింద."

"మంచం కిందా?"

"నేల చదునుగా ఉండేది అక్కడే. టీచరమ్మా పిల్లలూ స్కూల్లో ఉంటారు, దర్జీ అన్నానికి ఇంటికి వెళ్తాడు, మీరు మెట్లెక్కరు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుందని ఆ వేళ ఎంచుకున్నాను. అయినా పాడైంది."

"పాడవడమేంటి?"

"ఎవరైనా నడిచినా, ఏదైనా ఆడినా పెట్టె అదే వింటుంది, నేలని వినదు. మూడు రోజులూ ఏదో మోటారు ఆడినట్టు, ఒకటే వరసలో కొట్టుకుంటూ వచ్చింది. మీరేమైనా మోటారు వేశారా?"

"వేశానేమో."

"అవి నీళ్ళొచ్చే రోజులు కావు."

"గుర్తులేదమ్మా. పెద్దదాన్ని, ఏ మీట నొక్కానో నాకేం గుర్తుంటుంది."

"సరే. ఆ చప్పుడు వరకు పక్కకి తీసేసి, మిగిలింది లెక్క కట్టాం. లెక్క తేలింది. రెండూ ఒకే లెక్కలో ఉన్నాయి."

"మొదటిసారి ఆ పెట్టె ఇంటికి తెచ్చావు, గుర్తుందా? కొత్తలో. ఎవరూ కదలకండి, నేను నేర్చుకోవాలి అన్నావు. నన్ను ఈ పీట మీద కూర్చోబెట్టావు. నేను తుమ్ము కూడా ఆపుకున్నాను."

"అత్తయ్యా, అదిప్పుడు..."

"వాడు కావాలని రెండేసి మెట్లు దూకుతూ పైకి, మళ్ళీ కిందకి. ఏనుగు వచ్చిందని రాసుకో అన్నాడు నీతో. నువ్వు చీపురు పట్టుకుని వెంటపడ్డావు."

"ఆ సంగతి ఇప్పుడెందుకు."

"ఊరికే. గుర్తొచ్చింది."

"పిన్నిగారూ, లోపలికి రావచ్చా?"

"రా టీచరమ్మా, తలుపు తీసే ఉందిగా. నా గుమ్మం ఎప్పుడూ తెరిచే ఉంటుంది."

"మా చిన్నదానికి మళ్ళీ ఒళ్ళు కాలుతోంది. మీ థర్మామీటరు ఒకసారి ఇస్తారా?"

"మొన్న తగ్గిందన్నావుగా?"

"తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఇంజనీరుగారు కూడా ఉన్నారు, మంచిదైంది. ఒక్క మాట అడగాలి, నవ్వకూడదు."

"అడగండి."

"ఈ ఇల్లు దానంతటది చప్పుడు చేస్తుందా?"

"ఎలాంటి చప్పుడు?"

"పోయిన వారం పిల్లకి జ్వరమని ఒక రోజు సెలవు పెట్టాను. మధ్యాహ్నం పూట ముందు మెట్ల మీద వినపడింది. ఒక అడుగు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఇంకో అడుగు. మళ్ళీ ఏమీ లేదు. మీరు ఆఫీసుకి వెళ్ళిపోయారు, పైన తాళం వేసి ఉంటుంది కదా. కాసేపటికి మా నెత్తిమీదే, మీ గదిలో, టప్, టప్, టప్ అని. గట్టిగా కాదు. ఆగకుండా, ఒకటే వరస."

"ఎలకలయ్యుంటాయి."

"ఎలకలు అంత వరసగా కొడతాయా పిన్నిగారూ?"

"మా ఎలకలు కొడతాయి."

"నాకైతే భయమేసింది, ఇల్లు కదులుతోందేమోనని. పిల్లని ఎత్తుకుని కిందకి పరిగెడదామని లోపలికి వెళ్ళాను. పొద్దుట్నుంచీ ఏడ్చి ఏడ్చి కన్ను మూయని పిల్ల, పైకి చూస్తూ పడుకుని ఉంది. అమ్మా, పైన ఎవరో జోకొడుతున్నారు అంది. అంతే, నిద్రపోయింది."

"థర్మామీటరు తెస్తానుండు. ఎక్కడ పెట్టానో."

"నేను తెస్తాను అత్తయ్యా, మీరు..."

"నువ్వు కూర్చో. నీకు కనపడదు అది. లోపల బీరువాలో అడుక్కి ఉంది."

"..."

"ఇంజనీరుగారూ, నేనేమైనా అనకూడని మాట అన్నానా? మీ కళ్ళల్లో నీళ్ళు..."

"మోటారు అనుకున్నాను."

"ఏంటీ?"

"మెల్లగా మాట్లాడండి. ఆ చప్పుడు నా పెట్టెలో కూడా పడింది. మోటారు అనుకున్నాను. ఈ అడుగులేమో, మెట్ల గోడలోంచి పైపు ఏదో కొట్టుకుంటోంది అనుకున్నాను. మూడు రోజులవీ ఆఫీసులో తెర మీద పెట్టి, ఈ చెత్తంతా ఎక్కడిదని విసుక్కున్నాను."

"అంటే అది... పిన్నిగారా?"

"ఇంకెవరు."

"ఆ మోకాళ్ళతోనా?"

"ఆ మోకాళ్ళతోనే."

"చెరిపేశారా మరి?"

"పాడైనవి చెరిపేయడమే మా పద్ధతి. లేకపోతే మంచివాటిలో కలిసిపోతాయి. ఇవి ఇంకా చెరపలేదు, తీరిక లేక. కానీ ఆయనవి ఆ రోజే చెరిపేశాను."

"మీ ఆయనవా?"

"మొదటిసారి పెట్టె తెచ్చినప్పుడు గెంతి గెంతి పాడుచేశారు. రెండేసి మెట్లు. కోపమొచ్చి ఆ పూటే చెరిపేశాను, చెరుపుతూ తిట్టాను కూడా. రేపు మళ్ళీ నడుస్తారుగా, ఎక్కడికి పోతారు అనుకున్నాను. నాకేం తెలుసు."

"పిన్నిగారికి తెలుసా?"

"తెలీదు. మీరు అనకండి. ఆయన ఫోను ప్రెస్సులోనే పోయింది, గొంతు కూడా లేదు మా దగ్గర."

"అననులెండి. నేనెందుకంటాను. మరి... గేటుకి ఎరుపేనా?"

"ఎరుపే. అత్తయ్య ఒప్పుకుంటే పై వాటా తీసేసి మిగతాది నిలబెడతాం. ఒప్పుకోకపోతే మీరు వేరే ఇల్లు చూసుకోవాలి. ఏదైనా సరే, ఈలోపు పిల్లలిద్దర్నీ రాత్రిళ్ళు మీ చెల్లెలింట్లో పడుకోబెట్టండి."

"అంత..."

"అంత అని కాదు. నా పిల్లలైతే నేను అలాగే చేసేదాన్ని."

"ఇదిగో టీచరమ్మా. పాత చీర మడతల్లో దూరింది, దొరకలేదు ఇంతసేపూ. తడిగుడ్డ వేస్తూ ఉండు నుదుటి మీద."

"వేస్తున్నాను పిన్నిగారూ. వస్తాను. పిన్నిగారూ..."

"ఏంటి?"

"ఏం లేదు. ఆ రోజు బాగా నిద్రపోయింది మా పిల్ల. అదే చెబుదామని."

"వెళ్ళు, వెళ్ళు. పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది."

"..."

"వెళ్ళిందా?"

"వెళ్ళింది."

"ఎలకల మందు పెట్టించాలి."

"అత్తయ్యా."

"మూలమూలా పెట్టించాలి. మెట్ల కింద కూడా."

"మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"ఎప్పటిలాగే."

"డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నారు కదా."

"ఎవరెక్కుతున్నారు మెట్లు?"

"పైదానికి రెండో తాళంచెవి మీ దగ్గర ఉందని మర్చిపోయాను నేను."

"..."

"అత్తయ్యా, నేనేం అనట్లేదు."

"రోజూ కాదు."

"సరే."

"రోజూనే. నువ్వు ఆఫీసుకి వెళ్ళాక. నువ్వుండగా వస్తే అది నీ గది. తలుపు కొట్టి రావాలి, మంచినీళ్ళిస్తావు, కూర్చోమంటావు. నువ్వు లేనప్పుడు అది వాడి గది."

"ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది?"

"పడుతుంది. మెట్టుకి ఒకసారి ఆగుతాను. రెయిలింగు పట్టుకుని, ఊపిరి తీసుకుని, ఇంకోటి. నాకేం పనుంది కింద."

"ఎక్కి?"

"ఎక్కి ఏముంది. మంచం పక్కన ఆ కుర్చీ ఉంటుందిగా. కూర్చుంటాను. కాళ్ళకి ఊరట ఇవ్వాలి కదా. చెయ్యి ఊరికే ఉండదు. పరుపు మీద అలా పడుతూ ఉంటుంది. చిన్నప్పుడు వాడికి వీపు మీద తడుతూ ఉంటేగానీ నిద్రొచ్చేది కాదు. నిద్రపోయాడులే అని ఆపితే ఒక కన్ను తెరిచి చూసేవాడు, దొంగవెధవ. మళ్ళీ మొదటికి. నా చెయ్యి పడిపోయేది. ప్రెస్సులోంచి తీసేదాకా రెండు రాత్రులు. ఆ రెండు రాత్రులూ వాడు కన్ను తెరిచి చూశాడేమో. చెయ్యి ఆగిపోయిందేంటా అని."

"లేదు అత్తయ్యా. వెంటనే పోయారన్నారు."

"ఎవరన్నారు?"

"డాక్టరుగారు."

"నీతో అన్నారా? నీ ఎదురుగా?"

"నా ఎదురుగానే అన్నారు."

"సరే. డాక్టరు అన్నాడంటే అంతేలే."

"నాకెందుకు చెప్పలేదు, పైకి వెళ్తున్నానని?"

"నువ్వు చెప్పావా నాకు, ఆ మంచం మీద పడుకోవట్లేదని? నేను దుప్పటి ఎలా మడిచి పెడితే అలాగే ఉంటుంది మర్నాటికి. ముందుగదిలో చాప చుట్టి తలుపు వెనక నిలబెడుతున్నావు. నేను చూడననుకున్నావా? ఇద్దరం దొంగలమే."

"ఆ మంచం మీద నాకు నిద్ర రాదు."

"నాకు తెలుసు."

"ముందుగదిలోనూ రావట్లేదు."

"అదీ తెలుసు. రాత్రి నువ్వు నడుస్తుంటే ఇక్కడికి తెలుస్తూనే ఉంటుంది. నీ పెట్టె ఏం అక్కర్లేదు నాకు."

"పై వాటా పోతే నేను ఎక్కడుంటానని అడిగారు కదా."

"అడిగాను."

"ఇక్కడుంటాను. మీ గదిలో. ఆ కిటికీ వైపు."

"నేను గురక పెడతాను."

"పైకి వినపడుతూనే ఉంది ఇన్నాళ్ళూ."

"అంత గట్టిగానా?"

"టీచరమ్మ అడిగే దాకా వచ్చింది, ఏదో మోటారని."

"పో. నవ్వించకు నన్ను."

"..."

"వాడు కట్టుకున్నదాన్ని సుత్తెలతో కొడతారు. నేను ఇక్కడ కూర్చుని వినాలి."

"ఆ రోజుల్లో అమ్మావాళ్ళింటికి వెళ్దాం, ఇద్దరం."

"వద్దు. కొట్టేటప్పుడు ఎవరో ఒకళ్ళం ఉండాలి. ఆ పిల్ల... టీచరమ్మ పిల్ల, దానికేమైనా అయితే నేను ఏ మొహంతో బతుకుతాను. వాడి గది కోసం దాని మీద ఇల్లు పడేసుకుంటానా? వాడే ఒప్పుకోడు."

"ఒప్పుకోరు."

"గోడౌను నిలబడింది. పొట్టిది కాబట్టి."

"అవునత్తయ్యా."

"సరే అంటాను. కానీ ఒకటి అడుగుతాను, కాదనకూడదు."

"అడగండి."

"ఆ రోజు వాడు ఏనుగులా గెంతాడే. అది ఆ పెట్టెలో పడింది కదా? పడింది కాబట్టేగా నువ్వు చీపురు పట్టుకున్నావు."

"పడింది."

"గది పోయాక నాకు వాడిది అంటూ ఏముంటుంది? చొక్కాలున్నాయి, ఉతికేశాం. ఫోటోలో మాట్లాడడు. గొంతు లేదు. ఆ అడుగులున్నాయి. అవి దాచావుగా?"

"..."

"దాచావా?"

"బఠాణీలు... ఇవి అయిపోయాయి, లోపల పెట్టనా?"

"అమ్మాయీ, ఉన్నాయా లేవా?"

"ఉన్నాయి అత్తయ్యా."

"ఉన్నాయా?"

"ఉన్నాయి. దాచాను."

"చూపించు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఒక్కసారి చూసి, సరేనంటాను. ఇంక ఆ గది పేరెత్తను."

"కంప్యూటరు తెరవాలి. వెతకాలి."

"వెతుకు. నాకేం తొందర. కళ్ళజోడు ఎక్కడ పెట్టాను?"

"మీ నెత్తిమీదే ఉంది."

"ఆఁ. వెతుకు."

"..."

"దొరికిందా?"

"దొరికింది. ఇదిగో."

"ఈ గీతా? ఇదేనా వాడు?"

"ఇటు ఎడమ నుంచి చూడాలి. గీత పైకి లేచిన చోటల్లా ఒక అడుగు."

"ఆగు, వేలు పెట్టనీ. ముట్టుకుంటే చెరిగిపోదుగా?"

"చెరిగిపోదు."

"ఇది మెట్ల మీదా?"

"మెట్ల మీదే. కింద నుంచి పైకి వస్తున్నారు."

"ఒక అడుగు."

"ఊఁ."

"తర్వాత ఏమీ లేదు. నున్నగా, ఇంత దూరం ఏమీ లేదు. ఇక్కడ ఇంకోటి."

"ఊఁ."

"మళ్ళీ ఏమీ లేదు."

"..."

"వాడు రెండేసి మెట్లు దూకేవాడు."

"ఆ రోజు అలిసిపోయి వచ్చారు అత్తయ్యా. ప్రెస్సులో పని ఎక్కువై."

"అలిసిపోయి వచ్చాడా."

"అవును."

"ఇక్కడ పైకి వచ్చేశాడు. ఇక్కడ నేల మీద నడిచాడు, కొంచెం. తర్వాత ఇవేంటి? చిన్న చిన్నవి, పక్కపక్కనే, ఒకటే వరసలో. చివరిదాకా అవే ఉన్నాయి."

"అవి..."

"చెప్పు."

"అది మోటారు."

"మోటారా."

"మోటారే అత్తయ్యా. ఆ రోజు నీళ్ళొచ్చాయి."

"..."

"అత్తయ్యా..."

"ఏడవకు. కళ్ళు తుడుచుకో. చక్కగా దాచావు, ఇలాగే ఉంచు దీన్ని. రేపు పొద్దున్నే మేస్త్రిని రమ్మను. పాపం, ఆ మోకాళ్ళతో వాడు మాత్రం ఇంకా ఎన్నాళ్ళని ఎక్కుతాడు ఆ మెట్లు."